మెత్తసబ్బు ఆఖరి సీసా

దినం 11,394

ఈ పుస్తకంలో అంకెలు మాత్రమే రాయమని గవర్రాజు ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. చెబితే చెప్పాడు. కొత్తలంక స్థావరానికి అతను పెద్ద కావచ్చు, నాకు వరసకు తమ్ముడు కావచ్చు, ఈ పరీక్ష గదికి మాత్రం పెద్దను నేను. మా అమ్మ రాసిన పాత పుస్తకాల్లో అంకెల పక్కన ఆవిడ తిట్లు కూడా ఉంటాయి. నేను పని నేర్చుకున్నది ఆ తిట్లు చదివే. కాబట్టి నేనూ నాకు తోచినట్టు రాస్తాను.

ఈ రోజు తొలిగాలి పండుగ. ఈ ఎర్రనేల మీద మొదటి తొట్టిలోని నాచు వదిలిన గాలిని మనుషులు మొదటిసారి పీల్చిన రోజు. ఎప్పటిలాగే, తొట్ల పరీక్షకు వాడే మెత్తసబ్బు సీసాను పళ్ళెంలో పెట్టుకుని తొంభై రెండు గడపలూ తిరిగాను. ప్రతి గడపలోనూ మూత తీయాలి, ఇంటి పెద్ద అరచేతిలో సూదిమొనంత చుక్క వేయాలి, వాళ్ళు దాన్ని నీళ్ళతో రుద్ది నురగ తేవాలి, ఆ నురగను పిల్లలు ఊదాలి. మా అమ్మ సీసా మోసిన రోజుల్లో మొదలైన ఆచారం ఇది. సీసా మోసే హక్కు మా ఇంటిదే.

సుగుణ ముప్పై మూడేళ్ళ మనిషి, ఆరేళ్ళుగా నా దగ్గర పనిచేస్తోంది. "కాసేపు నేను పట్టుకోనా పిన్నిగారూ" అని సగం దారిలో అడిగింది. అక్కర్లేదన్నాను. చేతులు లాగేసే దాకా నేనే మోశాను. నిజం చెప్పాలంటే ఆ నొప్పి నాకు ఇష్టం.

ఇప్పుడు సీసాను భోజనాల హాల్లో దీపాల కింద పెట్టాం. తొమ్మిది రోజులు అక్కడే ఉంటుంది. తెల్ల గాజు సీసా కదా, వెలుగు పడితే లోపలిది తేనెలా మెరుస్తుంది. భూమి నుంచి ఓడలో అది గోధుమరంగు సీసాలో వచ్చిందట. అందరికీ కనబడాలని అమ్మే దీంట్లోకి మార్చింది. ఇక నాలుగు వేళ్ళ మందం మిగిలింది. పదహారేళ్ళుగా ఓడలు సబ్బు తేలేదు, ఈసారి తెచ్చే ఓడ వచ్చేది ఏడు నెలల తర్వాతే.

పరీక్షించినవారు: పేరిందేవి.

దినం 11,403

సీసా గదికి తిరిగి వచ్చింది. నీళ్ళు కలిపి ఉంచిన పల్చటి మెత్తసబ్బు అయిపోవడంతో కొత్తది కలిపాను.

ఈ కలపడం ఎవరికి పడితే వాళ్ళకు రాదు. ఆముదంలా చిక్కగా ఉంటుంది, గొట్టంతో పీలిస్తే సగం గొట్టానికే అంటుకుపోతుంది. గొట్టం మొన కోసి, నెమ్మదిగా పీల్చి, పది లెక్కపెట్టి, నెమ్మదిగా వదలాలి. తొందరపడి గిలక్కొడితే గిన్నె నిండా నురగే. నేను కలిపితే ఒక్క బుడగ కూడా లేవదు. సుగుణ చూస్తూ నిలబడింది. నేర్పాలంటే చూపించాలి కదా, చూపించాను.

పుస్తకాల్లో దీన్ని నాన్-అయానిక్ డిటర్జెంట్ అంటారు. దీని అణువు మీద విద్యుత్తు ఏమీ ఉండదు. ఒక కొస కొవ్వును పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకెవరి జోలికీ పోదు. మా తొట్లలోది ఉప్పునీటి నాచు, దానికి గట్టి గోడ లేదు, పల్చటి కొవ్వుపొర మాత్రమే. మెత్తసబ్బు చుక్క పడగానే ఆ పొర విడిపోయి లోపల ఉన్నదంతా బయటికి వస్తుంది. పొర విప్పుతుంది గానీ లోపలి ప్రోటీన్ల ఆకారం చెడగొట్టదు. తెల్ల తెగులు పట్టిందో లేదో ఆ ప్రోటీన్ల ఆకారం చూసే మా కాగితం పట్టీ గుర్తుపడుతుంది. తెగులు ఉంటే రంగుమందు వేసినప్పుడు పట్టీ నీలం తిరుగుతుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. తెగులు పట్టిన తొట్టి కంటికి పాలిపోయినట్టు కనబడేసరికి ఇరవై రోజులు గడిచిపోతాయి, అప్పటికి పక్క తొట్టికీ పాకి ఉంటుంది. ఐదువందల నలభైమంది ఊపిరి ఈ పట్టీల మీద ఉంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, నిన్న భోజనాల దగ్గర ఒకాయన నా పనిని "సబ్బు కలిపే పని" అన్నాడు. ఆయన పేరు రాయను, చదువుకుని సిగ్గుపడితే చాలు.

పరీక్షించినవారు: పేరిందేవి.

దినం 11,407

ఎనిమిది తొట్లూ పరీక్షించాం. ఏడు పట్టీల మీద నీలం నీడలాంటిది ఉందని సుగుణ అంది. దీపం కింద పెట్టి చూశాను. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఒకటో తొట్టిది మాత్రం కాస్త స్పష్టంగా నీలం.

ఒకటో తొట్టి మా అమ్మ పోసిన తొట్టి. భూమి నుంచి చేతిసీసాలో తెచ్చిన నాచును ఆవిడ ఆ తొట్టిలోనే పెంచింది, మిగిలిన ఏడింటికీ విత్తనం అక్కడి నుంచే వెళ్ళింది. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చిక్కనిది. చిక్కగా ఉన్నచోట పట్టీ కొంచెం మాసినట్టు కనబడుతుంది, అంతే. అలాగే సుగుణకు చెప్పాను.

ఉత్త పట్టీ, అంటే నాచు లేకుండా మంచినీళ్ళతో చేసేది, తెల్లగా ఉంది. అది తెల్లగా ఉందంటే పట్టీలూ రంగుమందూ బాగున్నట్టే.

పరీక్షించినవారు: పేరిందేవి.

దినం 11,411

ఈసారి నీడ కాదు, నీలమే. ఎనిమిదింటికీ వచ్చింది. నీలం ముదురును నాలుగు మెట్లుగా లెక్కిస్తాం: రెండింటికి మొదటి మెట్టు, ఆరింటికి రెండో మెట్టు. ఒకటో తొట్టిది ఆ ఆరింటిలోనూ ముదురు. ఉత్త పట్టీ తెలుపు.

తొట్ల చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నాచు పచ్చగా నవనవలాడుతోంది. గాలి మీటర్లు ఎప్పటి అంకెలే చూపిస్తున్నాయి. ఎక్కడా పాలిపోయిన జాడ లేదు.

రెండో మెట్టు లేదా అంతకు ముదురు నీలం వరసగా రెండు పరీక్షల్లో వస్తే తొట్టి పారబోయాలి. అమ్మ పెట్టిన నియమం అది. దాన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

పరీక్షించినవారు: పేరిందేవి.

దినం 11,415

మళ్ళీ ఆరు తొట్లు రెండో మెట్టు, రెండు మూడో మెట్టు.

మధ్యాహ్నం గవర్రాజు భోజనాల హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ గుణం అతనిలో నాకు నచ్చుతుంది. ఎనిమిది తొట్లూ ఒక్కసారే పారబోస్తే ఇక్కడ ఎవరూ బతకరు. కాబట్టి రెండు పరీక్షల్లోనూ రెండో మెట్టు తగిలిన ఆరు ముందు పారబోస్తారు, మిగిలిన రెండిటినీ రోజూ కనిపెట్టుకుని ఉంటారు. ఆ రెండు నూట ముప్పైమందికి ఊపిరి ఇస్తాయి. మిగిలిన నాలుగువందల పదిమంది బండ్లలో పదకొండు రోజులు ప్రయాణం చేసి ఉత్తర స్థావరానికి వెళ్ళి గోదాముల్లో ఉండాలి. తొట్లు మళ్ళీ నిండేసరికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. అటు వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారనే నమ్మకం హాల్లో ఒక్క ముఖంలోనూ కనబడలేదు. కొత్తలంక అనే ఊరు ఇక ఉండదు.

నేను లేచి, తొట్లకు తెగులు లేదు, నా కళ్ళతో చూశాను అన్నాను.

"కళ్ళు చాలవనే కదా అక్కా నువ్వు ముప్పై ఏళ్ళుగా చెబుతున్నావు" అన్నాడు గవర్రాజు. వెటకారం కాదు. అతని ముఖం పాలిపోయి ఉంది. ఆరు రోజులు గడువిచ్చాడు. 11,421న తొట్లు పారబోసే గేట్లు తెరుస్తారు.

నా మాటే తెచ్చి నా ముందు పెట్టాడు.

దినం 11,416

మెత్తసబ్బు కాకుండా వేరే సబ్బుతో ఒకసారి చూస్తే ఏమవుతుందని గవర్రాజు అడిగాడు. స్నానాల గదిలో బోలెడు సబ్బు ఉందిగా, సబ్బు సబ్బే కదా అని. పని తెలియనివాళ్ళు అలాగే అంటారు. అయినా చేసి చూపించాను, అడిగినవాడికి జవాబు చెప్పడం నా పద్ధతి.

ఎనిమిది పట్టీలూ తెల్లగా వచ్చాయి. అతని ముఖం విప్పారింది. అప్పుడు పాత తెగులు నమూనా తీశాను. ఇరవై ఏళ్ళ కిందట ఏడో తొట్టిని చంపిన తెగులును చంపి దాచిపెట్టిన సీసా అది, పోల్చుకోవడానికి. దాని మీదా స్నానాల సబ్బు వేశాను. ఆ పట్టీ కూడా తెల్లగానే ఉంది. స్నానాల సబ్బు అణువు మీద విద్యుత్తు ఉంటుంది, అది ప్రోటీన్ ముడులన్నీ విప్పేసి దారపు పోగులా సాగదీస్తుంది. అప్పుడు పట్టీ దేన్నీ గుర్తుపట్టదు. తెగులు ఉన్నా తెలుపే, లేకపోయినా తెలుపే.

గవర్రాజు కుర్చీలో కూలబడ్డాడు. మెత్తసబ్బు విలువ అతనికి తెలిసినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

దినం 11,417

సుగుణతో గొడవ పడ్డాను. రాయడానికి మనసు రావడం లేదు గానీ రాస్తాను.

ఉత్త పట్టీలో మెత్తసబ్బు ఎందుకు వేయం అని ఉదయాన్నే అడిగింది. మంచినీళ్ళ మీద సబ్బు తగలేయడం దేనికి, ఉన్నదే నాలుగు వేళ్ళు అన్నాను. అది నా నియమం. అమ్మ పోయిన ఏడాది, సీసా ఒక్కటే మిగిలిందని తెలిసిన రోజున నేనే పెట్టాను. దాంతో ఎంత సబ్బు మిగిల్చానో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

అక్కడితో ఆగలేదు ఆ పిల్ల. పాతబడిన మెత్తసబ్బుకు గాలీ వెలుగూ తగిలితే దాంట్లో పెరాక్సైడు పుడుతుందనీ, అది రంగుమందుకు తగిలితే తెగులు లేకపోయినా నీలం తిరుగుతుందనీ తను చదివానంది. "ఉత్త పట్టీకి సబ్బు వెయ్యట్లేదు కాబట్టే అది తెల్లగా ఉంటుందేమో పిన్నిగారూ. తప్పు తొట్లలో కాదు, సీసాలో ఉందేమో" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అది మా అమ్మ సీసా. ఆరేళ్ళు అన్నం పెట్టి పని నేర్పితే నా సీసాకే వంక పెడతావా అన్నాను. అన్నం పెట్టింది నేనేమీ కాదు, అందరం హాల్లోనే తింటాం. కోపంలో నోటికి వచ్చింది. సుగుణ ముఖం చిన్నబుచ్చుకుని నాచు గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది. గిన్నెలు మూడేసిసార్లు కడిగింది, అంత పని లేదు.

ఎందుకో అమ్మ పుస్తకం తెరిచాను. నలభయ్యో పేజీలో, అంకెల పక్కన, ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఉంది: "ఉత్త పట్టీకి కూడా అన్నీ వెయ్యాలి. ఒక్కటి మానేసినా నీ పరీక్ష పొట్లం కట్టుకోవడానికి కూడా పనికిరాదు."

ఈ పేజీ నేను వందసార్లు తిరగేశాను. తిట్లన్నీ చదివి నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకున్నదాన్ని, ఈ ఒక్క తిట్టు నాకు కాదనుకున్నట్టున్నాను.

లేచి వెళ్ళి సుగుణ పక్కన నిలబడ్డాను. "ఉత్త పట్టీ తియ్యి. సబ్బు వేసి చూద్దాం" అన్నాను. మంచినీళ్ళు, మెత్తసబ్బు, రంగుమందు. నాచు లేదు, తెగులు లేదు, ఏమీ లేదు.

నీలం వచ్చింది. రెండో మెట్టు.

సుగుణ నావైపు చూడలేదు. గెలిచానన్నట్టు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

దినం 11,418

సీసాను చెడగొట్టింది ఎవరో పొద్దుటి నుంచీ లెక్క వేసుకుంటున్నాను. పెద్దగా వేయాల్సిన లెక్క కాదు. ప్రతి పండుగకీ తొంభై రెండుసార్లు మూత తీసింది నేను. తెల్ల గాజులో తొమ్మిది రోజులు దీపాల కింద నిలబెట్టింది నేను. ముందు అమ్మ, తర్వాత నేను. ఆవిడ రోజుల్లో ఇలాంటి సీసాలు డజను ఉండేవి, ఏడాదికొకటి మారేది, తేడా తెలియలేదు. నేను ఒక్క సీసానే పదహారేళ్ళు తిప్పాను.

గవర్రాజు దగ్గరికి ఇద్దరం వెళ్ళి చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. విని ఒక్క మాట అన్నాడు: సీసా చెడిందంటే తొట్లు బాగున్నాయని కాదు కదా. అతను అన్నది నిజం. మంచి మెత్తసబ్బు లేకుండా తొట్టి సంగతి చెప్పలేం, మంచి మెత్తసబ్బు ఏడు నెలల దూరంలో ఉంది, గేట్లు తెరవడానికి మూడు రోజులే ఉంది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. మా ఆయన సూరన్న బాయిలర్ గదిలో పనిచేస్తాడు. నన్ను తినిపించడానికి ఏవేవో కబుర్లు చెబుతున్నాడు, ఆవిరి గొట్టాల్లో తుప్పు గురించి. ఆ మాటల్లో బాయిలర్ నీళ్ళలో వేసే తెల్లపొడి మాట వచ్చింది. ఆ పొడి ఎందుకు వేస్తారని అడిగాను. ముప్పై ఏళ్ళ కాపురంలో అడగలేదు.

"ఆయ్, అది సల్ఫైటండి. నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌ని మింగేస్తది, గొట్టాలు తుప్పట్టకుండా" అన్నాడు. మా ఆయన నన్ను అండీ అంటాడు, ఆయన ఊరివాళ్ళు పెంపుడుపిల్లిని కూడా అండీ అంటారు.

నీళ్ళలో ఆక్సిజన్ మింగే పొడి పెరాక్సైడునూ మింగుతుంది. చేయి కూడా కడుక్కోకుండా పరిగెత్తాను.

సుగుణ విని వెంటనే అడ్డు చెప్పింది. పొడి సబ్బులోనే ఉండిపోతే రంగుమందునూ మింగేస్తుంది, అప్పుడు అన్ని పట్టీలూ తెల్లగా వస్తాయి, స్నానాల సబ్బు కథే మళ్ళీ. పొడిని వేయడం తేలిక, తీసేయడం ఎలా?

ఇది మాత్రం నాకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ మాకు ఒక వేడుక చూపించేది. మెత్తసబ్బు నీళ్ళను గాజు గొట్టంలో పోసి వేడి చేస్తే తేటనీళ్ళు ఒక్కసారిగా పాలలా తెల్లబడేవి. చల్లారిస్తే మళ్ళీ తేట. మబ్బు పట్టడం అనేది దాన్ని. వేడి ఎక్కితే ఈ సబ్బు నీటిని వదిలేసి తనలో తాను గుంపు కడుతుంది, కదపకుండా ఉంచితే చిక్కటి పొరగా అడుగున చేరుతుంది. ఉప్పు తగిలితే ఇంకా తక్కువ వేడికే మబ్బు పడుతుంది. పొడి నీళ్ళలో ఉంటుంది, సబ్బు అడుగున ఉంటుంది. పైనీళ్ళు వంపేస్తే సరి.

సుగుణ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి నాకు ఎంత గర్వం కలిగిందో ఇక్కడ రాస్తున్నాను, గవర్రాజు చదివితే చదవనీ.

దినం 11,419

సీసాలో ఉన్నదాంట్లో సగం తీశాం. చెడితే సగమే చెడాలి.

నీళ్ళలో కలిపి, చిటికెడు సల్ఫైటు వేసి, ఆరు గంటలు చీకటి అలమరాలో ఉంచాం. తర్వాత ఉప్పు వేసి వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాం. టీ గ్లాసు పట్టుకోగలిగినంత వేడికే గొట్టం నిండా మబ్బు కమ్మింది. అరగంటకు అడుగున తేనెరంగు పొర చేరింది. పైనీళ్ళు నేను వంపాను.

ఉత్త పట్టీ తెల్లగా వచ్చింది. నేను సుగుణను కావలించుకున్నంత పని చేశాను. అంతలో ఆమె పాత తెగులు నమూనాతో చేసిన పట్టీ చూపించింది. అదీ తెల్లగానే ఉంది. తొందరలో ఒక్కసారే వంపాను, పొడి ఇంకా మిగిలి ఉంది. నీలం రావాల్సిన చోట రాని సబ్బు, నీలం రాకూడని చోట తెచ్చిన సబ్బుకన్నా ప్రమాదం. అది నమ్ముకుంటే తెగులు మా ముక్కుల కిందే తిరుగుతుంది.

చల్లటి మంచినీళ్ళలో మళ్ళీ కరిగించి, ఉప్పు వేసి, మళ్ళీ వేడి, మళ్ళీ పొర. ఈసారి సుగుణను వంపమన్నాను. నాకన్నా నెమ్మదిగా వంపింది. ఒక్క చుక్క సబ్బు పోలేదు. మూడోసారి కూడా ఆమే.

దినం 11,420

ఉత్త పట్టీ, అన్నీ వేసినది: తెలుపు.
పాత తెగులు నమూనా: ముదురు నీలం, నాలుగో మెట్టు.

సబ్బు సిద్ధం. గవర్రాజును పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టి ఎనిమిది తొట్ల పట్టీలూ అతని కళ్ళ ముందే తడిపాం.

రెండో తొట్టి తెలుపు. మూడోది తెలుపు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ తెలుపు. నేను రెండో తొట్టి నుంచి ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు, లేదా తెలుసు.

ఒకటో తొట్టి పట్టీ నాలుగో మెట్టు నీలం.

మళ్ళీ చేశాం. అదే నీలం. మూడోసారి నాచు నేనే వెళ్ళి అడుగు నుంచి తెచ్చాను. అదే.

మొదటి రోజు నుంచీ ఆ పట్టీ అన్నిటికన్నా ముదురుగానే ఉంది. పాతది, చిక్కనిది అని నేనే కథ చెప్పాను. ఎనిమిదింటి దొంగ నీలంలో ఒక నిజం నీలం దాక్కుంది. నాది కాకుండా ఏ తొట్టి అయినా అయి ఉంటే పదమూడు రోజుల కిందటే పట్టుకునేదాన్ని.

గవర్రాజు నెమ్మదిగా, కావాలంటే రేపటి దాకా ఆగుదాం అక్కా అన్నాడు. నా కోసం అన్నాడు. మంచివాడు.

"ఇప్పుడే పారబొయ్యి. గేటు నేను తిప్పుతాను" అన్నాను.

తిప్పాను. అమ్మ పోసిన నీళ్ళు, తెగులు చచ్చేలా మరిగించే గొట్టంలోకి వెళ్ళిపోయాయి. ఏడ్చాను, అందరూ చూశారు. తొట్టి లోపలికి దిగి గోడలు నేనే రుద్దాను. సుగుణ కూడా దిగింది, దిగమని నేను చెప్పలేదు.

దినం 11,421

గేట్లు తెరవాల్సిన రోజు. మిగిలిన ఏడింటివీ తెరవలేదు, ఆ తొట్ల మీద దీపాలు కాస్త పెంచితే అందరికీ ఊపిరి చాలుతుంది. సర్దుకున్న మూటలు జనం విప్పుకుంటున్నారు.

హాల్లో లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. మూత తీసింది నేను, దీపాల కింద పెట్టింది నేను, ఉత్త పట్టీకి సబ్బు మానేసింది నేను, మా తొట్టిని వెనకేసుకొచ్చింది నేను. పట్టుకున్నది సుగుణ. ఆ మాట గట్టిగా, రెండుసార్లు చెప్పాను, వెనకవాళ్ళకు వినబడాలని. ఒక ముసలావిడ, అయితే ఇక మా చేతిలో నురగ వెయ్యరా అని అడిగింది.

దినం 12,062

తొలిగాలి పండుగ.

ఓడ వచ్చి వెళ్ళింది. పన్నెండు సీసాలు దించింది, అన్నీ గోధుమరంగు గాజువి. చీకటి అలమరాలో ఉన్నాయి, తాళం చెవులు రెండు, ఒకటి నా మెడలో, ఒకటి సుగుణ మెడలో. ఒకటో తొట్టి మళ్ళీ నిండింది. నాలుగో తొట్టి నుంచి విత్తనం తెచ్చి పోశాం. నాలుగో దానికి విత్తనం ఒకప్పుడు ఒకటి నుంచే వెళ్ళింది కాబట్టి, అమ్మ నాచు చుట్టం చూపుకు వెళ్ళి ఇంటికి వచ్చినట్టే అని సూరన్న అన్నాడు. ఆ మాటకు ఆయనకు రెండు ముద్దలు ఎక్కువ వడ్డించాను.

ఈసారి పళ్ళెంలో సీసా లేదు. ఈ ఉదయం తడిపిన ఎనిమిది పట్టీలు ఉన్నాయి. ప్రతి గడపలోనూ ఇంటి పెద్దకు ఆ తెలుపు చూపించాం. నురగ అడిగిన ముసలావిడ పట్టీలను కళ్ళకద్దుకుని, ఇదే బాగుంది అంది. పిల్లల కోసం స్నానాల సబ్బు నురగ పట్టుకెళ్ళాం, ఊదడానికి అది చాలు.

పళ్ళెం సుగుణ మోసింది. తొంభై రెండు గడపలూ. సగం దారిలో, కాసేపు నేను పట్టుకోనా అని అడిగాను. అక్కర్లేదు పిన్నిగారూ అంది, చేతులు లాగుతున్నా. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

గవర్రాజు అడిగిన అంకెలు ఇవి.

తొట్లు: ఎనిమిది.
పట్టీలు: ఎనిమిది, తెలుపు.
ఉత్త పట్టీ, అన్నీ వేసినది: తెలుపు.
పాత తెగులు నమూనా: నీలం.
పరీక్షించినవారు: సుగుణ, పేరిందేవి.